బిడ్డ చదివిన బయోకెమిస్ట్రీ ఆముదాల చేనుకు ఏం పనికొస్తది?

దాసరి పురుగు మందు వెనక ఉన్న చదువు - లాభం చూడని కొలువుల దారి

"సారూ, పత్రికల రాస్తవు గద, నువ్వే చెప్పు. నా బిడ్డ బయోకెమిస్ట్రీ అని ఏదో సదివింది. ఆ సదువు ఈ ఆముదాల చేనుకు ఏమన్న పనికొస్తదా?"

బిజినేపల్లి దగ్గర ఒక రైతు చేను గట్టు మీద నిలబడి అడిగిన మాట ఇది. ఆయనకున్నది మూడెకరాల ఎర్ర చెల్క. బోరు ఎండిపోయి చాలా ఏళ్లయింది. వానను నమ్ముకొని ఆముదం, కంది వేస్తాడు. ఇద్దరు పిల్లల్లో పెద్ద బిడ్డ ఎమ్మెస్సీ బయోకెమిస్ట్రీ పూర్తి చేసింది. ఆ చదువుకు తెచ్చిన అప్పు ఇంకా తీరలేదు.

ఆ అమ్మాయి ముందు రెండు దారులున్నాయి. హైదరాబాద్‌లో ఒక మందుల కంపెనీ పిలిచింది. నెలనెలా జీతం వస్తుంది. రెండోది ఒక పరిశోధన సంస్థలో ప్రాజెక్టు కొలువు. రెండేళ్ల దాకే భరోసా. కాకపోతే అక్కడ చేసే పని సూక్ష్మజీవులతో పురుగు మందు తయారీ. బిడ్డ మనసు రెండో దాని మీద ఉంది. తండ్రి మనసు అప్పు మీద ఉంది.

"కంపెనీల జేరితే రెండేండ్లల్ల అప్పు తీరుతది. ఈమెకు సెప్తే ఇనదు" అన్నాడు ఆయన. "నాయినా, మన చేన్ల పురుగు సంగతే నేను అక్కడ చేసేది" అంది బిడ్డ.

పేర్లు రాయవద్దని ఇద్దరూ చెప్పారు. అయితే ఈ ప్రశ్న ఒక్క ఇంటిది కాదు. పాలమూరు, నల్లగొండ పల్లెల్లో డిగ్రీలో బయోకెమిస్ట్రీ, మైక్రోబయాలజీ, బయోటెక్నాలజీ చదివే పిల్లలు ఊరికి నలుగురైదుగురు కనిపిస్తున్నారు. ఆ చదువు ఎటు పోతుందో తల్లిదండ్రులకు తెలియదు. అందుకే ఈ వారం ఆ సంగతి చూద్దాం. ఎక్కడో ఉదాహరణ వెతకనక్కర లేదు. మన ఆముదం చేనులోనే ఉంది.

ఆకు మొత్తం నమిలేసే పురుగు

దాసరి పురుగు ఆముదం రైతుకు పాత శత్రువే. కొన్ని ఊళ్లల్లో నామాల పురుగు అంటారు. నడుము పైకి వంచి జానతో కొలిచినట్టు నడుస్తుంది. వానాకాలంలో, ముఖ్యంగా ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో ఉధృతి ఎక్కువ. పిల్ల పురుగు ఆకును గీకుతుంది. పెద్దదయ్యాక ఈనెలు మాత్రం మిగిల్చి ఆకంతా తినేస్తుంది. పట్టించుకోకుంటే కొద్ది రోజుల్లోనే చేను పుల్లలు పుల్లలుగా మిగులుతుంది.

పురుగు కనబడగానే అప్పు చేసి మందు డబ్బా తెచ్చి కొట్టడం మనకు అలవాటు. వర్షాధారపు ఆముదం మీద వచ్చేదే తక్కువ. అందులో రెండు మూడు సార్లు మందు కొడితే మిగిలేది ఉండదు. పైగా ఆ విషం దాసరి పురుగును చంపే మేలు పురుగులను కూడా చంపుతుంది. దాసరి పురుగు పొట్ట కింద తెల్లని చిన్న గూళ్లు అంటుకొని ఉండటం చాలామంది చూసే ఉంటారు. అవి మైక్రోప్లైటిస్ అనే చిన్న కందిరీగ జాతి పురుగు గూళ్లు. అది దాసరి పురుగు ఒంట్లో గుడ్డు పెట్టి, లోపలి నుంచే దాన్ని తినేస్తుంది. అది మన జీతగాడు. మందు కొట్టి జీతగాడినే చంపుకుంటున్నాం.

పురుగు పేగులో జరిగే రసాయనం

దాసరి పురుగును మాత్రమే పడగొట్టి, మేలు పురుగును, మనిషిని, పశువును ముట్టని మందు ఉంటుందా? ఉంది. అది బీటీ అనే సూక్ష్మజీవి.

బీటీ అనగానే పత్తి గింజ గుర్తుకొస్తుంది. రెంటికీ తేడా ఉంది. 2002లో మన దేశంలో అనుమతి వచ్చిన బీటీ పత్తిలో ఈ సూక్ష్మజీవి జన్యువును పత్తి మొక్కలోకే ఎక్కించారు. ఇక్కడ చెప్పేది అది కాదు. సూక్ష్మజీవినే పెంచి, పొడి చేసి, నీళ్లలో కలిపి ఆకు మీద చల్లే మందు. విత్తనం మనదే, మొక్క మనదే.

దీన్ని మొదట 1901లో జపాన్ శాస్త్రవేత్త ఇషివాటా చూశాడు. అక్కడ పట్టుపురుగులు ఉన్నట్టుండి చచ్చిపోతుంటే కారణం వెతుకుతూ పోయి ఈ సూక్ష్మజీవిని పట్టుకున్నాడు. 1911లో జర్మనీలోని తురింగియా ప్రాంతంలో బెర్లినర్ అనే ఆయన పిండికి పట్టే పురుగులో మళ్లీ దీన్నే చూశాడు. ఆ ప్రాంతం పేరే దీనికి స్థిరపడింది. అయితే ఇది పురుగును ఎలా చంపుతుందో తెలియడానికి మరో నలభై ఏళ్లు పట్టింది. 1950ల్లో కెనడా శాస్త్రవేత్తలు అసలు పని చేసేది ఈ సూక్ష్మజీవి లోపల తయారయ్యే ఒక చిన్న స్ఫటికమని తేల్చారు. పటికబెల్లం పలుకు లాంటి ఆకారం. అది మాంసకృత్తు.

ఇక్కడే బయోకెమిస్ట్రీ అవసరం. తెలుగులో జీవరసాయన శాస్త్రం అంటారు. ప్రాణి ఒంట్లో జరిగే రసాయన మార్పుల చదువు అది. ఆ స్ఫటికం మామూలుగా కరగదు. పురుగు పేగులో సున్నపు తేటకు ఉండేలాంటి క్షార గుణం ఉంటుంది. అక్కడ మాత్రం కరుగుతుంది. కరిగిన మాంసకృత్తును పురుగు జీర్ణరసాలే కోసి, పదును పెట్టి, విషంగా మారుస్తాయి. తాళం చెవి తాళంలో కూర్చున్నట్టు అది పేగు గోడ మీద తనకు సరిపోయే చోట కూర్చుంటుంది. గోడకు బెజ్జాలు పడతాయి. కొన్ని గంటల్లోనే పురుగు మేత మానేస్తుంది. రెండు మూడు రోజుల్లో చస్తుంది. మన కడుపులో ఉన్నది ఆమ్లం. ఆ తాళం కూడా మన పేగులో లేదు. అందుకే మనకు, గొడ్డుకు దాని వల్ల హాని లేదు.

హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో జీవశాస్త్రాల విభాగం వాళ్లు ఏళ్ల తరబడి మన దాసరి పురుగు పేగునే కోసి, ఆ తాళం ఏదో, ఎలా ఉంటుందో పరిశోధించారు. మనం చెప్పు కింద నలిపేసే పురుగు మీద అంత చదువు ఉంది.

పాలమూరుకు వచ్చిన డచ్చి పథకం

నెదర్లాండ్స్ ప్రభుత్వ సాయంతో అప్పటి ఆంధ్రప్రదేశ్‌లో మెట్ట సేద్యానికి బయోటెక్నాలజీ పథకం ఒకటి 1996లో మొదలైంది. 2007 దాకా నడిచింది. హైదరాబాద్‌లోని ఇనిస్టిట్యూట్ ఆఫ్ పబ్లిక్ ఎంటర్‌ప్రైజ్ నుంచి డాక్టర్ జి. పక్కిరెడ్డి ఆధ్వర్యంలో పని జరిగింది. పని చేయడానికి ఎంచుకున్న జిల్లాలు రెండే. మహబూబ్‌నగర్, నల్లగొండ.

ఆ పథకంలో గమనించాల్సిన సంగతి ఒకటుంది. శాస్త్రవేత్త తనకు ఇష్టమైన పరిశోధన ముందు పెట్టుకొని, తర్వాత రైతును వెతకడం మామూలు పద్ధతి. ఇక్కడ ముందు ఊళ్లకు పోయి ఆడ, మగ రైతులను అడిగారు. ఏ పంటకు ఏ కష్టం ఎక్కువ అని రాసుకున్నారు. ఆముదానికి దాసరి పురుగు అని తేలింది. దాని మీద పరిశోధనకు పైసలు ఇచ్చారు.

ఆ పని చేసింది రాజేంద్రనగర్‌లోని నూనెగింజల పరిశోధన సంచాలనాలయం. ఇప్పుడు దాన్ని భారతీయ నూనెగింజల పరిశోధన సంస్థ అంటున్నారు. అక్కడ డాక్టర్ పి.ఎస్. విమలాదేవి, ఆమెతో పనిచేసినవాళ్లు బీటీ రకం ఒకటి పట్టుకొని, దాన్ని తక్కువ ఖర్చుతో పెంచే పద్ధతి కనిపెట్టారు. కంపెనీలు బీటీని పెద్ద పెద్ద ఉక్కు తొట్లలో, ఖరీదైన ద్రవంలో పెంచుతాయి. వీళ్లు గోధుమ తవుడు మీద పెంచారు. 2005లో ఆ పద్ధతిని శాస్త్ర పత్రికలో అచ్చు వేయించారు. ఎవరైనా చదివి చూసుకోవచ్చు. తవుడు మీద పెరిగేదైతే పెద్ద ఫ్యాక్టరీ లేకుండా చిన్న యూనిట్లలో కూడా చేసుకోవచ్చన్నది ఆలోచన.

కంపెనీ ఈ పని ఎందుకు చేయలేదని అడగవచ్చు. తప్పు పట్టాల్సింది ఏమీ లేదు. ఆముదం వేసేది మెట్ట రైతు. మందు మీద పెట్టగలిగేది తక్కువ. అమ్మకం తక్కువ ఉన్నచోట కంపెనీ పెట్టుబడి పెట్టదు. అలాంటి చోట ప్రజల సొమ్ముతో, దాతల సొమ్ముతో నడిచే సంస్థలే ముందుకు రావాలి. ఆ డచ్చి పథకం ముగిశాక రాజేంద్రనగర్‌లో అగ్రి బయోటెక్ ఫౌండేషన్ ఆ పనిని అందుకొంది. అది కూడా లాభం కోసం పెట్టింది కాదు. పటాన్‌చెరులో 1972 నుంచి ఉన్న ఇక్రిశాట్ కూడా ఇలాంటిదే. వేరుశనగలో బూజు వల్ల వచ్చే అఫ్లాటాక్సిన్ విషాన్ని తక్కువ ఖర్చుతో పసిగట్టే పరీక్ష కిట్లు అక్కడ తయారయ్యాయి. వనపర్తి, గద్వాల వేరుశనగ రైతుకు దాని విలువ చెప్పనక్కర లేదు.

మందు సరుకు అయ్యేదాకా

సూక్ష్మజీవిని కనిపెట్టడంతో పని అయిపోదు. గాజు గిన్నెలో పురుగు చచ్చినంత మాత్రాన చేనులో చావదు. మధ్యలో చాలా మెట్లున్నాయి. బయోకెమిస్ట్రీ చదివిన వాళ్లకు పని ఉండేది ఈ మెట్ల మీదనే.

మొదటిది, నికరం. ప్రతి గంపలో స్ఫటికం ఒకే మోతాదులో తయారైందా అని కొలవాలి. ఒకసారి చిక్కగా, ఒకసారి పలచగా వస్తే రైతు నమ్మడు. రెండోది, నిలవ. ఎండాకాలం షాపులో పెట్టిన పొడి బలం ఎన్నాళ్లు ఉంటుందో చూడాలి. మూడోది, ఆకు మీద నిలవడం. ఎండకు బీటీ బలం తగ్గుతుంది, వానకు కొట్టుకుపోతుంది. అంటుకొని ఉండేలా ఏం కలపాలో తేల్చాలి. నాలుగోది, చేపకు, కోడికి, తేనెటీగకు హాని లేదని పరీక్షలు చేసి చూపాలి. ఐదోది, 1968 పురుగుమందుల చట్టం కింద కేంద్ర బోర్డులో రిజిస్ట్రేషన్. కట్టల కట్టల కాగితాలు. ఆఖరిది, ధర.

ఈ మెట్లు ఎక్కించేవాళ్లు లేక ఎన్నో మంచి పరిశోధనలు బీరువాల్లోనే ఉండిపోయాయి. పేపర్ అచ్చు వేసినవాళ్లకు పేరు వస్తుంది. పొట్లం రైతు చేతికి చేర్చినవాళ్ల పేరు ఎవరికీ తెలియదు. అయినా రైతుకు కావలసింది ఆ పొట్లమే.

మన తెలుగు బిడ్డే దారి చూపాడు

బయోకెమిస్ట్రీ చదివి పేదవాళ్లకు పనికొచ్చే మందు చేసినవాళ్లలో తెలుగువాడి పేరే ముందు చెప్పాలి. భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. స్ప్రూ అనే పేగు జబ్బుతో సోదరులను పోగొట్టుకున్నాడు. అమెరికాలోని హార్వర్డ్‌కు పోయి బయోకెమిస్ట్రీలో 1930లో డాక్టరేట్ తీసుకున్నాడు. 1940లో లెడర్లీ అనే మందుల కంపెనీలో చేరాడు. ఆయన బృందం 1945లో ఫోలిక్ ఆమ్లాన్ని తయారు చేసింది. సోదరులను మింగిన ఆ జబ్బుకు పనికొచ్చిన మందు అది. గర్భిణులకు ఆశా కార్యకర్తలు ఇచ్చే మాత్రలో ఇప్పుడు ఉన్నది అదే. నల్లగొండ పల్లెల్లో బోదకాలు రాకుండా ఇంటింటికీ ఉచితంగా పంచిన డీఈసీ మాత్ర కూడా ఆయన బృందం తీసుకొచ్చిందే. 1948లో పోయాడు.

ఇంకో సంగతి. 1925లో ఫిస్కే అనే ఆచార్యుడితో కలిసి భాస్వరాన్ని నీలి రంగుతో కొలిచే పద్ధతి చెప్పాడు. మన భూసార పరీక్ష కేంద్రాల్లో భాస్వరం కొలిచేటప్పుడు గాజు గొట్టంలో నీలి రంగు తేలేది కూడా ఆ కోవకు చెందిన రసాయనమే.

ఆయన పని చేసింది కంపెనీలోనే. అంటే కంపెనీ కొలువు చెడ్డదని కాదు. చేసిన సరుకు చివరికి ఎవరి చేతికి చేరుతుందన్నదే చూడాలి.

చదువు దారి ఇలా

ఇంటర్‌లో బైపీసీ. డిగ్రీలో బయోకెమిస్ట్రీ గానీ, మైక్రోబయాలజీ గానీ. ఆ తర్వాత ఎమ్మెస్సీ. ఉస్మానియాలో, హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో ఈ కోర్సులున్నాయి. అక్కడి నుంచి ముఖ్యమైన మెట్టు సీఎస్‌ఐఆర్-యూజీసీ నెట్. జీవశాస్త్రాల పేపర్ రాయాలి. కేంద్ర బయోటెక్నాలజీ విభాగం పెట్టే బెట్ పరీక్ష కూడా ఉంది. జేఆర్‌ఎఫ్ వస్తే 2023 నుంచి నెలకు 37,000 రూపాయలు, ఇంటి అద్దె అదనం. దాంతో పీహెచ్‌డీ చేసుకోవచ్చు. నెట్ రానివాళ్లకు ప్రాజెక్టు సహాయకుల కొలువులుంటాయి. జీతం తక్కువ.

సొంతంగా మందు తయారు చేసే ఆలోచన ఉన్నవాళ్లకు 2012లో కేంద్రం పెట్టిన బైరాక్ సంస్థ ఉంది. లాభాపేక్ష లేని కంపెనీ అది. మంచి ఆలోచనకు 50 లక్షల దాకా గ్రాంటు ఇచ్చే పథకం అక్కడ ఉంది. పోటీ గట్టిగా ఉంటుంది.

కష్టం కూడా చెప్పాలి. ప్రాజెక్టు కొలువు ప్రాజెక్టుతోనే పోతుంది. పైసలిచ్చేవాళ్లు చేయి తీస్తే పని సగంలో ఆగుతుంది. రెండేళ్లకోసారి కొత్త కొలువు వెతుక్కోవాలి. అప్పున్న ఇంటికి ఇది చిన్న సంగతి కాదు. ఆ తండ్రి భయంలో తప్పు లేదు.

నాకు ఎదురైన దెబ్బ

బీటీ కొట్టినా పురుగు చావలేదని చెప్పే రైతులున్నారు. నేనూ ఒక ఏడు నా చెల్కలో కొట్టి అదే మాట అన్నాను. తర్వాత పొట్లం తిప్పి చూస్తే గడువు దాటి ఎనిమిది నెలలైంది. షాపు పేరు ఎందుకు, చూసుకోకుండా తెచ్చింది నేనే. పైగా మిట్టమధ్యాహ్నం కొట్టాను. పురుగులు వేలంత లావు ఉన్నాయి. మూడు తప్పులూ నావే.

మార్కెట్లో బయో పేరు పెట్టి, లోపల రసాయన విషం కలిపి అమ్మిన కేసులు మన దగ్గర బయటపడ్డాయి. కొట్టిన గంటలో పురుగులన్నీ రాలిపోతే అది బీటీ కాదు. బీటీకి రెండు మూడు రోజులు పడుతుంది.

రైతు సోదరులు గుర్తుంచుకోవలసినవి

- మొక్కకు ఒకటి రెండు చొప్పున తెల్ల గూళ్లు అంటిన పురుగులు కనబడితే మందు కొట్టవద్దు. మేలు పురుగు పని చేస్తోందని అర్థం.

- ఆకులు నాలుగో వంతు కంటే ఎక్కువ పోతున్నప్పుడే రసాయన మందు సంగతి ఆలోచించాలి.

- చేనులో అక్కడక్కడ పంగల కర్రలు నాటితే పక్షులు వాలి పురుగులను ఏరుకు తింటాయి.

- బీటీ పురుగులు చిన్నగా ఉన్నప్పుడే కొట్టాలి. సాయంత్రం పూట, ఆకు రెండు పక్కలా తడిసేలా. పొట్లం మీద రాసిన మోతాదు తప్పవద్దు.

- కొనేముందు రిజిస్ట్రేషన్ నంబరు, తయారైన తేదీ, గడువు తేదీ చూసి, బిల్లు తీసుకోవాలి.

- బీటీ పట్టుపురుగును కూడా చంపుతుంది. మల్బరీ తోటల దగ్గర, ఆముదం ఆకుతో ఎరి పట్టుపురుగులు పెంచే చోట చల్లరాదు.

- బీటీ రసం పీల్చే పురుగులకు పని చేయదు. గెలలకు వచ్చే బూజు తెగులుకూ పని చేయదు.

- అనుమానం ఉంటే పాలెం పరిశోధన కేంద్రానికి ఆకు, పురుగు పట్టుకొని పోయి చూపించండి.

మళ్లీ ఆ గట్టు మీదికి

ఈ సంగతులన్నీ చెప్పాక ఆ రైతు కొంతసేపు మాట్లాడలేదు. ఒక ఆకు తెంపి, దాని కింద ఉన్న పురుగును తిప్పి చూశాడు. తెల్ల గూళ్లు ఉన్నాయి. "ఇది సూసి ఎన్నిసార్లు మందు కొట్టిన్నో" అన్నాడు.

బిడ్డ వైపు తిరిగి "మరి అప్పు సంగతేంది?" అని అడిగాడు. ఆ అమ్మాయి ముందే లెక్క వేసుకొని ఉంది. ప్రాజెక్టు జీతంలో నెలకు ఇంత అని ఇంటికి పంపుతుంది. రెండేళ్లలో నెట్ రాస్తుంది. రాకపోతే కంపెనీకి పోతుంది. అక్కడ నేర్చుకున్న పని అప్పుడూ పనికొస్తుంది. తండ్రి సరే అనలేదు, కాదనలేదు. "రెండేండ్లు సూద్దాం తియ్" అన్నాడు.

మేం వచ్చేటప్పుడు ఆయన ఇంకో మాట అడిగాడు. బూజు తెగులుకు కూడా ఇట్లాంటి మందు ఏదన్న సేస్తరా అని. సమాధానం చెప్పింది నేను కాదు, బిడ్డ. "అది కూడ అడుగుత నాయినా, పోయినంక" అంది.

రైతులు అడిగితేనే దాసరి పురుగు మీద పరిశోధన పాలమూరుకు వచ్చింది. అడగటం మానవద్దు. మీ ఇంట్లో ఇలాంటి చదువు చదివే పిల్లలుంటే సెలవులకు వచ్చినప్పుడు ఒకసారి చేనుకు తీసుకుపోండి. ఏ ఆకు ఎందుకు ఎండిందో వాళ్లతో మాట్లాడండి. వాళ్లు చదివిన పుస్తకానికి, మీరు చూసిన చేనుకు సంబంధం అక్కడ దొరకవచ్చు.